కిల్‌విన్నింగ్ లాడ్జికి '0' నంబర్ న్యాయమేనా?

తాళపత్రం:
స్కాట్లాండ్‌లో గ్లాస్గోకు నైరుతిగా కిల్‌విన్నింగ్ అనే చిన్న ఊరుంది. స్కాట్లాండ్ గ్రాండ్ లాడ్జి (లాడ్జిలన్నిటికీ పై సంఘం) జాబితాలో అక్కడి ఫ్రీమేసన్ లాడ్జి (పాత రాతిపనివాళ్ల సంఘాల వారసత్వం చెప్పుకునే సోదర సంఘపు శాఖ) నంబర్ 0. ఎడిన్‌బరోలోని మేరీస్ చాపెల్ లాడ్జిది 1. ఎడిన్‌బరో వాళ్ల మినిట్స్ (సమావేశాల నమోదు) పుస్తకం 1599 జులైతో మొదలవుతుంది. కిల్‌విన్నింగ్ దగ్గర మిగిలిన మినిట్స్‌లో అన్నిటికన్నా పాతవి 1642 నాటివి. అయినా 'తల్లి లాడ్జి' అనే పేరు, సున్నా నంబరు రెండూ వీళ్లకే దక్కాయి. కాగితం లేనివాళ్లకు పెద్దపీట వేయడం నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

పాతగోడ:
అందులో మింగుడుపడనిది ఏముందండీ? పన్నెండో శతాబ్దంలో అక్కడ మఠం కట్టిన రాతిపనివాళ్లే లాడ్జి పెట్టారని ఊరంతా తరతరాలుగా చెప్పుకుంటోంది. ఆ మఠం గోడలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పుస్తకాలు పోయినంత మాత్రాన చరిత్ర పోతుందా?

తాళపత్రం:
గోడలు మఠం ఉండేదని చెబుతాయి, లాడ్జి ఉండేదని కాదు. స్కాట్లాండ్‌లో మఠాలున్న ఊళ్లు బోలెడు. అన్నిటికీ సున్నాలు పంచుదామా?

ఉలిదెబ్బ:
మీరిద్దరూ అసలు కాగితాన్ని వదిలేసి కొట్టుకుంటున్నారు. ఆరో జేమ్స్ రాజు దగ్గర కట్టడాల పెద్దగా ఉన్న విలియం షా 1598లో మేసన్లందరికీ (రాతిపనివాళ్లకు) నిబంధనలు రాశాడు. 1599 డిసెంబరు 28న రెండో విడత రాశాడు. ఇందులో చాలాభాగం కిల్‌విన్నింగ్‌ను ఉద్దేశించిందే. పనివాళ్ల జ్ఞాపకశక్తిని వార్డెన్ (లాడ్జి అధికారి) పరీక్షించాలనీ, మరచిపోయినవాళ్లు జరిమానా కట్టాలనీ కూడా ఉంది.

వరస కూడా అందులోనే ఉంది: ఎడిన్‌బరో మొదటిది, కిల్‌విన్నింగ్ రెండోది, స్టిర్లింగ్ మూడోది. పైగా కిల్‌విన్నింగ్ స్థానం పాత రాతల్లో తేటతెల్లంగా ఉన్నదేనని షా అంటాడు. కాబట్టి తాళపత్రం గారూ, 1642ను ఆ లాడ్జి పుట్టిన ఏడాదిగా లెక్కేయడం కుదరదు. 1599కే అది పాతకాపు. పాతగోడ గారూ, మీ వాదనకు ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. కానీ ఇదే కాగితం దాన్ని రెండోది అంటోంది. నచ్చిన వాక్యం ఉంచుకుని పక్కది కొట్టేస్తామంటే ఎలా?

మరి సున్నా ఎక్కడిది? 1736 నవంబరు 30న ఎడిన్‌బరోలో గ్రాండ్ లాడ్జి ఏర్పడింది. ఎవరి దగ్గర పాత కాగితం ఉంటే వాళ్లు ముందు అన్నారు. మేరీస్ చాపెల్ పైకి వెళ్లింది. కిల్‌విన్నింగ్‌కు ఒళ్లు మండి 1743లో బయటికి నడిచింది. ఊరికే అలిగి కూర్చోలేదు, అరవై ఏళ్లకు పైగా సొంతంగా చార్టర్లు (కొత్త లాడ్జి పెట్టుకునే అనుమతి పత్రాలు) ఇచ్చుకుంటూ పోయింది. ఒకే దేశంలో చార్టర్లిచ్చే చోట్లు రెండుంటే గ్రాండ్ లాడ్జికి తలనొప్పే కదా. చివరికి 1807లో రాజీ కుదిరింది. కిల్‌విన్నింగ్ చార్టర్లిచ్చే హక్కు వదులుకుంది, దాని పిల్ల లాడ్జిలు గ్రాండ్ లాడ్జి కిందికి వచ్చాయి. బదులుగా జాబితాలో అందరికన్నా పైన చోటు, దాని మాస్టర్‌కు (లాడ్జి పెద్దకు) ఆ ఊరున్న ఎయిర్‌షైర్ ప్రాంతీయ పెద్దరికం. ఆ సున్నా రాజీకి కట్టిన ధర. అది వయసు సర్టిఫికెట్ కాదు.

సందేహాలరావు:
చిన్న డౌటు. కాగితమే కొలబద్ద అయితే ఎడిన్‌బరో కూడా మొదటిది కాదుగా? ఎయిచిసన్స్ హేవెన్ లాడ్జి మినిట్స్ 1599 జనవరివి. ఆ లాడ్జి ఇప్పుడు లేదు కాబట్టి అడిగేవాళ్లు లేరు, అంతే.

తాళపత్రం:
ఒప్పుకుంటాను, ఇప్పటికీ నడుస్తున్నవాటిలో మొదటిది అనుకోండి. కానీ ఎడిన్‌బరో వాళ్ల 1599 జులై 31 నాటి ఆ తొలి మినిట్ చూడండి. జార్జ్ పాటన్ అనే మేసన్, లాడ్జిలో లేని పనివాడిని పొగగొట్టం పనికి రెండున్నర రోజులు పెట్టుకున్నాడు. తప్పు ఒప్పుకుని వినయంగా లొంగిపోతే, ఈసారికి జరిమానా లేకుండా వదిలేశారు. ఇందులో పురాణం లేదు, గొప్పలు లేవు. ఒక సంఘం తన పని తాను చేసుకుంటున్నట్టు కళ్లకు కడుతోంది. నాకు కావలసింది ఇలాంటి సాక్ష్యం.

పాతగోడ:
సరే, మీ కాగితాల దారిలోనే వస్తాను. 1677లో కానన్‌గేట్ మేసన్లు కిల్‌విన్నింగ్ పేరు మీద లాడ్జి నడుపుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. కానన్‌గేట్ ఎడిన్‌బరోను ఆనుకునే ఉంది! పక్కనే 'మొదటి లాడ్జి' ఉండగా, దేశానికి అటువైపున్న చిన్న ఊరి గడప ఎందుకు తొక్కారు? దాని పెద్దరికం అందరికీ తెలిసిందే కాబట్టి.

ఉలిదెబ్బ:
మంచి పాయింటే. అయితే ఇంకోలా కూడా చదవొచ్చు. తన గుమ్మం ముందే పోటీ దుకాణం తెరుస్తామంటే ఎడిన్‌బరో లాడ్జి ఊరుకుంటుందా? వాళ్లను కాదని నడవాలంటే బరువైన పేరు ఇంకొకటి కావాలి. ఎలా చదివినా 1677 నాటి పలుకుబడి రుజువవుతుంది కానీ, పన్నెండో శతాబ్దపు పుట్టుక రుజువు కాదు. సున్నా తీసేయమని మాత్రం నేననను. ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న రాజీ అది, మధ్యలో మనమెవరం? దాని పక్కన 'పన్నెండో శతాబ్దం నుంచి' అని తగిలించడం దగ్గరే నా పేచీ.

పాతగోడ:
మీ పేచీ మీదే. మఠానికి రాళ్లు చెక్కినవాళ్లు పనయ్యాక ఎవరిళ్లకు వాళ్లు పోయారని మీరు నిరూపించండి, అప్పుడు చూద్దాం.

సందేహాలరావు:
రుజువు చూపించాల్సింది ఉందన్నవాళ్లా, లేదన్నవాళ్లా అండీ?