అప్‌డేట్: కూలెంట్ లీకు దొరికింది, వాటర్ పంపే

రిజర్వాయర్లో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) వారం వారం తగ్గుతోంది, కింద చుక్క కూడా కనపడట్లేదని అడిగాను కదా. పాత బండి కాబట్టి హోస్‌ల మీదే అనుమానం, కానీ అవి కావు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక ప్రెషర్ టెస్టర్ (గాలి ఒత్తిడి పెట్టి లీకు చూసే పరికరం) బిగించి, కూలెంట్ క్యాప్ మీద రాసున్న 1.1 బార్ దాకా కొడితే 10 నిమిషాల్లో ముల్లు 0.8కి దిగింది. టార్చ్ వేసి చూస్తే వాటర్ పంపు పుల్లీ వెనక చిన్న రంధ్రం కింద గులాబీ రంగు పెచ్చు కట్టి ఉంది. పంపు లోపలి సీలు పోతే కూలెంట్ అక్కడినుంచే కారుతుంది. వేడి ఇంజన్ బ్లాకు మీదే ఆవిరైపోతుంది, నేల తడవదు. ఆ రంధ్రాన్ని సీలెంట్‌తో మూసేయొద్దు, కూలెంట్ బేరింగ్‌లోకి పోతుంది.

పంపు, గాస్కెట్ మార్చి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాను. హీటర్ ఫుల్ వేడిలో, క్యాప్ తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచితే లోపల చిక్కిన గాలి పోయి బుడగలు ఆగాయి. మళ్లీ టెస్టర్ పెడితే ముల్లు కదల్లేదు.