అప్‌డేట్: ప్రార్థన రావడం లేదని అడిగినదాన్ని నేనే

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మావారి మూత్రపిండాలు దెబ్బతిని, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం పలాసకు తిరుగుతున్న రోజుల్లో, నోట ప్రార్థన రావడం లేదనీ, ఇది విశ్వాసం సన్నగిల్లడమేనా అనీ ఆరు నెలల క్రితం అడిగాను. చాలామంది ఉపవాసం ఉండమన్నారు. ఒకరు మాత్రం బైబిలులోని 88వ కీర్తన చదవమన్నారు. నాకు పనికివచ్చింది ఆ సలహాయే. విలాప కీర్తనలు చాలావరకు చివరకు స్తుతివైపు తిరుగుతాయి గానీ, ఇది చీకటిలోనే ముగుస్తుంది. అటువంటి మొర కూడా బైబిలులో ప్రార్థనగానే నిలిచి ఉండడం నాకు పెద్ద ఊరటనిచ్చింది.

అప్పటినుండి డయాలసిస్ జరిగే ఆ నాలుగు గంటలూ ఆసుపత్రి వరండాలో కూర్చుని, సొంత మాటలు దొరకనప్పుడు కీర్తనకారుల మాటలనే అరువు తెచ్చుకుంటున్నాను (మొదటి వారాల్లో సగంసేపు కునుకే తీశానని ఒప్పుకోవాలి). శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసివేయమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకొన్నా అది తొలగలేదనీ, దేవుని కృప చాలునన్న జవాబే వచ్చిందనీ బైబిలులోని రెండవ కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు మా జీడితోట నేలకూలినప్పుడు ఇదే వాక్యం వినిపిస్తే కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. దేవుడు పరీక్షిస్తున్నాడనేవారికి మాత్రం నేనింకా బదులు చెప్పను.

మావారి ఆరోగ్యంలో మార్పు లేదు. మొన్న ఆదివారం ఆయనే చర్చికి వస్తానన్నారు. ఇద్దరం వెనుక వరుసలో కూర్చున్నాం.