షైలాక్ ‘పేదవాడా’, ‘పాపమా’? ఒక్క వాక్యానికి తెలుగు కావాలి

అందరికీ నమస్కారం. ఒక చిన్న వాక్యం దగ్గర మూడు రోజులుగా బండి కదలడం లేదు.

జర్మన్ కవి హైన్‌రిష్ హైనే 1838లో షేక్‌స్పియర్ నాటకాల్లోని స్త్రీ పాత్రల మీద ఒక పుస్తకం వేశాడు. దాంట్లో ‘వెనిస్ వర్తకుడు’లోని జెస్సికా మీద రాసిన భాగాన్ని తెలుగు చేస్తున్నాను. పేరుకి జెస్సికా మీద వ్యాసమే గానీ, ఆయన మనసంతా వాళ్ల నాన్న షైలాక్ మీదే. (నాటకం గుర్తులేనివారికి: షైలాక్ వడ్డీకి అప్పులిచ్చే యూదుడు. అప్పు తీర్చకపోతే వర్తకుడు ఆంటోనియో ఒంట్లోంచి పౌను మాంసం కోసుకుంటానని పత్రం రాయించుకుంటాడు. జెస్సికా లొరెంజోతో లేచిపోతుంది. కోర్టులో పోర్షియా అనే యువతి వకీలు వేషంలో వచ్చి షైలాక్‌ని ఓడిస్తుంది.) లండన్‌లో డ్రూరీ లేన్ థియేటర్లో ఈ నాటకం చూస్తున్నప్పుడు, బాక్సులో తన వెనక నిలబడ్డ ఒక ఇంగ్లీషు యువతి నాలుగో అంకం చివర వెక్కివెక్కి ఏడ్చిందట. ఏడుస్తూ ఒకే మాట మళ్లీ మళ్లీ అందట. హైనే జర్మన్‌లో రాస్తూ కూడా ఆ మాటని ఇంగ్లీషులోనే ఉంచేశాడు: ‘ద పూర్ మ్యాన్ ఈజ్ రాంగ్డ్!’

మొదటి ప్రతిలో నేను ‘ఆ పేదవాడికి అన్యాయం జరిగింది’ అని రాశాను. మర్నాడు చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. మూడు వేల డకట్లు, అంటే బంగారు నాణేలు, అప్పిచ్చినవాడు పేదవాడేమిటి? ‘దీనుడు’ అంటే హార్మోనియం వినిపిస్తోంది. ‘అభాగ్యుడు’ అంటే నాటకం పాతికేళ్లు వెనక్కి పోతోంది. చివరికి ‘పాపం’ దగ్గర ఆగాను. కానీ బస్సు తప్పినవాణ్ణి చూసినా పాపం అంటాం, పరీక్ష పోయినవాణ్ణి చూసినా పాపం అంటాం. ఆస్తీ, కూతురూ, చివరికి మతం కూడా పోయినవాడికి ఈ మాట ఆనుతుందా? అదీ నా అనుమానం.

*విజయనగరం మాస్టారి జవాబు*

ఆనుతుందమ్మా. ముందు ‘పేదవాడు’ ఎందుకు కుదరదో చూడండి. కోర్టు సీను అయ్యాక ఐదో అంకంలో షైలాక్ స్టేజి మీదకి రాడు. అతని ప్రస్తావన మాత్రం రెండుసార్లు వస్తుంది. లొరెంజో ‘వెల్దీ జ్యూ’ అంటాడు, పోర్షియా చెలికత్తె నెరిస్సా ‘రిచ్ జ్యూ’ అంటుంది. పేరు ఇద్దరూ ఎత్తరు. నెరిస్సా ఆ మాట అనేది ఎప్పుడనుకున్నారు? అతని ఆస్తి కూతురికీ అల్లుడికీ చెందేలా రాయించుకున్న పత్రాన్ని వాళ్ల చేతిలో పెడుతూ! నాటకంలో వాళ్లు ‘డబ్బున్న యూదుడు’ అన్నవాణ్ణి బాక్సులో ఆ అమ్మాయి ‘పూర్ మ్యాన్’ అంటోంది. రిచ్ పోయి పూర్ వచ్చింది. అంతకంటే ముఖ్యం, జ్యూ పోయి మ్యాన్ వచ్చింది. మీ అనువాదంలో ‘మనిషి’ అనే మాట జారిపోకుండా చూసుకోండి. పేరుండగా కులం పెట్టి పిలవడం ఎలా ఉంటుందో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పోర్షియా కోర్టులోకి వస్తూనే ‘ఇక్కడ వర్తకుడెవరు, యూదుడెవరు?’ అని అడుగుతుంది. ‘షైలాక్ నా పేరు’ అని అతను తన నోటితో చెప్పాక ఒకటి రెండుసార్లు పేరుతో పిలిచినా, చివరికి మళ్లీ ‘యూదుడా’ అనే పిలుస్తుంది.

*బెంగళూరు నుంచి ఒకరు*

పాపం గురించి ఒక ముక్క. ఇది మనకి ఒక్కరికే ఉన్న వింత కాదు. కన్నడలో ‘అయ్యో పాప’ అంటారు. తమిళంలో ‘పావం’ అంటే చేసిన పాపమూ అవుతుంది, అయ్యో పాపమూ అవుతుంది. మలయాళం వాళ్లు మాటనే రెండు చేసుకున్నారు: ‘పాపం’ అంటే దోషం, ‘పావం’ అంటే జాలి పడాల్సిన అమాయకుడు. అక్కడ ‘పావప్పెట్టవన్’ అంటే పేదవాడు! ఇంగ్లీషు ‘పూర్’కి ఉన్న రెండు అర్థాలూ దాదాపు అక్కడే దొరుకుతాయి. హిందీకి ఈ సుఖం లేదు, వాళ్లకి జాలికి ‘బేచారా’, దోషానికి ‘పాప్’. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటకి జాలి అంటగట్టింది మన దక్షిణాది వాళ్లమే. (చంటి ‘పాప’ వేరే మాట, దాన్ని ఇందులోకి లాగకండి. పోయిన నెల ఎవరో లాగారు.)

*వరంగల్ నుంచి ఒకరు*

నాకు జాలి రాదండీ. ఇంటర్లో కోర్టు సీను చదివినప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు. బూటు అడుగున కత్తి నూరుకుంటున్న మనిషి అతను. గుండె దగ్గర మాంసం కోస్తే రక్తం పోతుంది, ఒక డాక్టర్నైనా పిలిపించమంటే ‘ప్రోనోటులో రాసుందా?’ అన్నాడు. అసలుకి రెండింతలు, ఆపైన మూడింతలు ఇస్తామన్నా వద్దన్నాడు. అలాంటివాడికి ‘పాపం’ అంటే ఆంటోనియో ఏమైపోవాలి? నాటకాన్ని మొదట అచ్చు వేసిన 1600 నాటి ప్రతి ముఖపత్రం మీదే షైలాక్ ‘పరమ క్రూరత్వం’ అని ఉంది కదా.

*మాస్టారు*

ఉంది. రాసినవాడు కామెడీగానే రాశాడు, కాదనను. 1290లో మొదటి ఎడ్వర్డ్ రాజు యూదుల్ని ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టాడు. షేక్‌స్పియర్ రాసే నాటికి మూడు వందల ఏళ్లు దాటిపోయాయి. చూసే జనంలో చాలామందికి యూదుడంటే కథల్లో వినే బూచే. 1594లో ఎలిజబెత్ రాణిగారి వైద్యుడు లోపెజ్‌ని, యూదు వంశంలో పుట్టినవాణ్ణి, రాజద్రోహమని ఉరి తీస్తే జనం చుట్టూ చేరి గేలి చేశారు. అలాంటి జనానికి రాసిన నాటకం ఇది. తర్వాత చాలాకాలం షైలాక్‌ని బఫూన్ లాగే ఆడించారు. 1741లో మాక్లిన్ అనే నటుడు దాన్ని భయం పుట్టించే పాత్ర చేశాడు. 1814లో ఎడ్మండ్ కీన్ అలవాటైన ఎర్ర విగ్గు తీసేసి నల్ల విగ్గుతో వచ్చాడు, డ్రూరీ లేన్‌లోనే. జనం అతనిలో మనిషిని చూడడం అక్కణ్ణుంచి మొదలైంది. హైనే లండన్ వెళ్లింది 1827లో, అంటే మన అమ్మాయి కన్నీళ్లు ఆ కొత్త గాలిలోవి. 1879లో ఇర్వింగ్ అయితే, కూతురు లేచిపోయిన ఇంటికి తండ్రి తిరిగొచ్చి తలుపు తట్టే దృశ్యం సొంతంగా కలిపాడు. అలాగని జాలి ఈ నాటకంలో రాసిపెట్టి లేదు సుమా. 1943లో వియన్నాలో నాజీలు ఇదే నాటకాన్ని యూదుల మీద అసహ్యం పుట్టించడానికి ఆడించారు. అదీ నడిచింది.

*వరంగల్ నుంచే*

అయితే జాలి నటుడిది, మాటది కాదన్నమాట.

*ప్రశ్న అడిగిన నేనే*

కాదనిపిస్తోంది. రెండు చోట్ల మాటే మనల్ని పట్టుకుంటుంది. అందరూ ‘యూదుడికి కళ్లు లేవా’ అన్న చోటు చూపిస్తారు గానీ, నాకది కాదు. ఆ మాటలు చివరికి పగ తీర్చుకోవడానికి వాదనగా తేలతాయి, ఆ ముగింపు కత్తిరించి చెప్పుకోవడం మనకి అలవాటైంది. నన్ను పట్టుకున్నది దాని వెంటనే వచ్చే ఉంగరం. జెస్సికా ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కుందని తెలిసి అతనంటాడు: అది నా టర్కోయిస్ రాయి ఉంగరం, పెళ్లి కాకముందు లేయా ఇచ్చింది, అడవినిండా కోతుల్నిచ్చినా నేను దాన్ని ఇచ్చేవాణ్ణి కాదు. లేయా పేరు నాటకంలో అక్కడ తప్ప ఇంకెక్కడా రాదు. అంతదాకా డకట్లు లెక్కపెట్టిన నోరు అది.

రెండోది కోర్టులో. ఆస్తి సగం పట్టుకున్నారు, మిగతా సగం తన తర్వాత ఎవరికి పోవాలో వాళ్లే తేల్చారు, క్రైస్తవుడివి అవ్వాలన్నారు. దాన్ని ‘కరుణ’ అన్నారు. ‘సమ్మతమేనా యూదుడా?’ అని పోర్షియా అడిగితే ‘ఐ యామ్ కంటెంట్’ అంటాడు. నిఘంటువు పెట్టుకుంటే తృప్తి, సంతుష్టి అని వస్తుంది. మన ఇళ్లలో అన్నీ పోయినవాడు అలా అనడు, ‘సరేనండి’ అంటాడు. ఆ వెంటనే ‘ఒంట్లో బాగాలేదు, వెళ్లనివ్వండి, కాయితం ఇంటికి పంపిస్తే సంతకం పెడతాను’. అంతే, మనిషి వెళ్లిపోతాడు. ఆ అమ్మాయి ఏడ్చింది ఇక్కడే.

ఇంకొకటి మర్చిపోయాను. హైనే యూదుడిగా పుట్టి 1825లో బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆ సర్టిఫికెట్‌ని యూరప్ సంస్కృతిలోకి ఎంట్రీ టికెట్టు అన్నది ఆయనే. పక్కన ఎవరో ఆడపిల్ల ఏడిస్తే ఆయన కొన్నేళ్ల తర్వాత గుర్తుపెట్టుకుని రాశాడంటే ఊరికే కాదు. ఆ కన్నీళ్లు తలుచుకుంటే ఈ నాటకాన్ని విషాదాంతాల్లోనే చేర్చాలనిపిస్తుందని కూడా అన్నాడు.

*బెంగళూరు*

వరంగల్ వారికి: ‘పాపం’ అంటే నిర్దోషి అని తీర్పు కాదండీ. సంతలో జేబు కొట్టినవాణ్ణి చెట్టుకి కట్టి కొడుతుంటే ఒక ముసలమ్మ ‘దొంగే గానీ, పాపం, అట్టా కొట్టమాకండయ్యా’ అంటుంది. దొంగ అని ఒప్పుకుంటూనే అంటుంది. పైగా అందులో ఇంకో చురక ఉంది: ఆ పాపం మీకు తగులుతుంది సుమా అని. జాలి పడేది ఒకరి మీద, దోషం పడేది ఇంకొకరి మీద. ఇంగ్లీషమ్మాయికి దానికి ‘పూర్’ ఒకటి, ‘రాంగ్డ్’ ఒకటి, రెండు మాటలు కావలసి వచ్చాయి.

*వరంగల్*

ఇది ఒప్పుకుంటా. మా దిక్కు కూడా అట్లనే అంటరు. కానీ మరి ‘అన్యాయం జరిగింది’ అని మళ్లీ ఎందుకు? ‘జరిగింది’ అంటే వాన పడినట్టు, ఎవరూ చేయనట్టు. చేసినవాళ్లు స్టేజి మీదే ఉన్నారు కదా, ‘చేశారు’ అనండి.

*నేను*

అబ్బ, ఇది నాకు తట్టలేదు. ఇంగ్లీషు వాక్యంలో చేసినవాడు కనపడడని నేను ‘జరిగింది’ వేసుకున్నాను. కానీ ఏడుస్తున్న మనిషి ‘జరిగింది’ అనదు. ‘పాపం, ఆ మనిషికి అన్యాయం చేశారు’. ఇప్పుడు ‘మనిషి’ దగ్గర సర్వనామం గొడవ. ‘వాడికి’ అంటే కోర్టులో అతణ్ణి ఎగతాళి చేసే గ్రాషియానో గొంతు. ‘అతనికి’ అంటే పాఠం చెబుతున్నట్టుంది. ‘ఆయనకి’?

*మాస్టారు*

డ్యూక్ అతణ్ణి ‘ఓల్డ్ షైలాక్’ అంటాడు, వయసు మళ్లినవాడే. మన పక్క ఆడపిల్లయితే ‘పాపం, పెద్దాయనకి అన్యాయం చేశారు’ అనేస్తుంది.

*నేను*

బాగుంది మాస్టారూ, చెవికి చాలా బాగుంది. కానీ మీరే కదా ‘మనిషి’ జారిపోకూడదన్నారు. పెద్దాయనలో గౌరవం వచ్చింది, మనిషి పోయాడు. నేను ‘పాపం, ఆ మనిషికి అన్యాయం చేశారు’ దగ్గరే ఉంటాను.

ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను. వ్యాసం చివర హైనే వెనిస్ వెళ్తాడు. యూదుల ప్రార్థనా మందిరంలో షైలాక్ కోసం వెతుకుతాడు. మనిషి కనపడడు గానీ, సాయంత్రం ఒక గొంతు ఏడుస్తూ వినిపిస్తుంది: ‘జెస్సికా, మైన్ కిండ్!’ మాటకి మాట ‘నా బిడ్డా’. సినిమా డైలాగులా ఉందని భయం.

*వరంగల్*

‘తల్లీ’ అనండి. జెస్సికా, తల్లీ.