టీవీలో యాడ్లు, వాషింగ్ మెషీన్‌కి లొకేషన్: ఎవరైనా ఆపగలిగారా?

గోదారిగట్టు: కొత్త స్మార్ట్ టీవీ ఆన్ చేస్తే ముందు యాడ్, తర్వాతే మెనూ. వాషింగ్ మెషీన్ యాప్‌ది ఇంకో గోల, లొకేషన్ ఇస్తేగాని ముందుకు కదలదు. ఈ రెండూ ఎలా ఆపాలో చెప్పండి బాబూ.

పాతడబ్బా: టీవీకి వైఫై ఇవ్వకండి, పీడా పోతుంది. మా ఇంట్లో కేబుల్ బాక్స్ ఒక్కటే. నేనేం చూస్తున్నానో టీవీకి తెలిసే దారే లేదు.

కరెంటు_మేస్త్రి: తెలీకపోవడమేంటి అన్నా? టీవీలో ఏసీఆర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది, మనం ఏం చూస్తున్నామో కనిపెట్టేది. అది బొమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడదు. తెర మీది బొమ్మకి గుర్తు కట్టి సర్వర్‌కి పంపి పోల్చుకుంటుంది. కేబుల్ బాక్సైనా, హెచ్‌డీఎమ్ఐలో పెట్టిన లాప్‌టాపైనా దానికొకటే. అమెరికాలో విజియో అనే టీవీ కంపెనీ ఇలాగే 1.1 కోట్ల టీవీల నుంచి జనం చూసేదంతా అడక్కుండా లాగి, కేసు పడితే 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది.

పాతడబ్బా: వైఫై ఇవ్వలేదని చెప్పానుగా! నెట్టే లేకపోతే దేంట్లో పంపుతుంది, పోస్టులోనా?

కరెంటు_మేస్త్రి: "తెలిసే దారే లేదు" అన్నది మీరే. అప్‌డేట్ కోసమని ఒక్కసారి హాట్‌స్పాట్ ఇచ్చారా, అయిపోయింది.

పాతడబ్బా: ఇవ్వను. మీ అనుమానాలు మీ దగ్గరే పెట్టుకోండి.

డల్లాస్_బావ: మీది ఇంకా నయం. ఇక్కడ 2025లో శాంసంగ్ ఫ్యామిలీ హబ్ ఫ్రిజ్ తలుపు మీది తెరలో కూడా యాడ్లు మొదలెట్టారు. వేల డాలర్లు పోసి కొన్నది పెరుగు తోడేసి పెట్టుకోడానికా, వాళ్ల హోర్డింగ్‌కి చోటివ్వడానికా? డిసెంబర్‌లో మా టెక్సాస్ అటార్నీ జనరల్ ఏసీఆర్ గురించే ఐదు టీవీ కంపెనీల మీద కేసులేశాడు.

అత్తగారి_రిమోట్: ఫ్రిజ్‌కి తెర ఎందుకండీ అసలు? మా అత్తయ్యగారైతే యాడ్ వచ్చిందని వినాయకుడి బొమ్మ అంటించేస్తారు 😀

నెట్‌వర్క్_నాయుడు: ఇరవై ఏళ్లుగా ఇదే ఫీల్డ్‌లో ఉన్నా, నా మాట వినండి. రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌లో పై-హోల్ పెట్టండి, యాడ్ల సైట్లని ఇంటి నెట్ మొత్తానికీ ఆపేసే సాఫ్ట్‌వేర్ అది. ఇంట్లో ఏ వస్తువు ఎవరికి ఫోన్ చేస్తోందో లాగ్‌లో కనబడుతుంది. మా టీవీ స్టాండ్‌బైలో కూడా ఊరుకోదు.

కరెంటు_మేస్త్రి: కొన్ని టీవీలు మీ డీఎన్ఎస్‌ని, అంటే సైట్ పేరుకి అడ్రస్ చెప్పే మీ పై-హోల్‌ని, లెక్కచెయ్యకుండా నేరుగా గూగుల్ వాళ్ల 8.8.8.8నే అడుగుతాయి, అది చెప్పలేదేం?

నెట్‌వర్క్_నాయుడు: ఆ ప్రశ్నలు వెళ్లే దారి పోర్ట్ 53, దాన్ని రూటర్‌లోనే పై-హోల్‌కి మళ్లిస్తాం తమ్ముడూ. నాకు పాఠాలా?

సీతాఫలం: మీ పోర్టులు నాకర్థం కావు గానీ, రోబో వాక్యూమ్ కొనేవాళ్లు జాగ్రత్త. రూంబా తీసిన ఫొటోలు, బాత్రూంలో ఉన్నావిడవి కూడా, ఫేస్‌బుక్ దాకా బయటికొచ్చాయని 2022లో చదివాను.

నెట్‌వర్క్_నాయుడు: అవి టెస్టింగ్ మెషీన్లు. ఒప్పుకుని పెట్టుకున్నవాళ్ల ఇళ్లు. సగం చదివి భయపెట్టకండి.

సీతాఫలం: ఒప్పుకుంది ఇల్లు ఊడవడానికి, ఫేస్‌బుక్‌లో పెట్టడానికి కాదు. మీ ఇంట్లో ఆడవాళ్ల ఫొటో అయితే ఇలాగే అంటారా?

గోదారిగట్టు: అయ్యా, నా లొకేషన్ సంగతి...

కరెంటు_మేస్త్రి: పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్‌తో మెషీన్‌ని వెతకాలంటే లొకేషన్ పర్మిషన్ తప్పదు. జత కలిశాక తీసేయండి. టీవీకైతే, శాంసంగ్‌లో వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్, ఎల్‌జీలో లైవ్ ప్లస్, ఆ టిక్కులు తీసెయ్యాలి.

అత్తగారి_రిమోట్: తీసేశానండీ. యాడ్లు మాత్రం అలాగే వస్తున్నాయి.

కరెంటు_మేస్త్రి: వస్తాయి. మీరు చూసేది పంపడం ఆగుతుంది, అంతే. హోమ్ స్క్రీన్ వాళ్ల జాగా.

పాతడబ్బా: చూశారా! వైఫై తీసెయ్యమని మొదట్నించీ మొత్తుకుంటున్నా.

అత్తగారి_రిమోట్: తీసేస్తే ఓటీటీ సీరియళ్లు మీరొచ్చి చెప్తారా? నాయుడుగారూ, ఆ పై-హోల్ పెడితే క్రికెట్ ఆగిపోదు కదా? ముందది చెప్పండి, మా ఆయన పక్కనే ఉన్నారు.