చేతికుట్టు అంగరఖా: చంకముక్క మూలలో ముడత పోవట్లేదు

కోనసీమ బండారులంక నేత నూలు బట్టతో అంగరఖా (ముందు ఒకదానిపై ఒకటి వేసి పక్కన ముడులతో కట్టుకునే పొడవు చొక్కా) మిషన్ లేకుండా కుడుతున్నాను. గంజి పోయేలా రెండుసార్లు ఉతికాకే కత్తిరించాను. లేకపోతే కుట్టాక కుదించుకుపోయి మెడ వంకరపోతుంది. చంకముక్క (చెయ్యి సులువుగా ఎత్తడానికి చంక కింద వేసే ముక్క) 4 అంగుళాల చదరం, కుట్టుకి వదిలిన మార్జిన్ అరంగుళం, అంగుళానికి 10 కుట్లు, ఆపైన అంచు మడిచి రెండో వరస. మూడు మూలలూ బాగానే కూర్చున్నాయి. చెయ్యీ పక్కముక్కా కలిసేచోట మాత్రం పిట్టముక్కులా ముడత లేస్తోంది. కుట్టు బట్ట చివరిదాకా లాగితే ముడత, మరీ ముందే ఆపితే చిల్లు. సరిగ్గా ఎక్కడ ఆపాలి, మార్జిన్ ఎటు మడవాలి?

ఇంకోటి, కళీల (కింద వెడల్పు రావడానికి కలిపే ఏటవాలు ముక్కల) అంచు సాగి కింద ఘేరా, అంటే కింది చుట్టు, అరంగుళం జారింది. మన డెల్టా తేమలో రెండు రోజులు వేలాడదీసి, ఆ తర్వాత అంచు కత్తిరిస్తే సరిపోతుందా? చేతిపని తెలిసిన దర్జీలు చెప్పండి.