సమస్య: పంది కాలి చలవ పాలు పొంగె

నిర్వాహకుడు: ఆటవెలది ఆఖరి పాదం ఇచ్చాను. పాలు పొంగడమంటే మనకి గృహప్రవేశమే, అందులోకి పంది కాలు ఎలా వచ్చిందో మీరే చెప్పాలి. చైనా వంటింటి వైపు చూడండి.

తెనాలి తమ్ముడు:
గ్వాంగుడాంగు సీమ కన్నతల్లికి వేడి
చారు పోయ నత్త చంటిబిడ్డ
యాకలెల్ల తీరె హాయిగా నిదురించె
పంది కాలి చలవ పాలు పొంగె

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో బాలింతకి పాలు పడతాయని పంది కాళ్ళు, వేరుశనగ వేసి కాచిన సూప్ తాగిస్తారు కదా, పొంగింది ఆ తల్లి పాలు.

నిర్వాహకుడు: విడుపు భలే పట్టావు తమ్ముడూ, అత్త చేత పోయించడం మరీ నచ్చింది. యా-హా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ కుదరడం) చెల్లుతుంది. కానీ "నిదురించె" ద్రుతప్రకృతికం, అంటే "నిదురించెను" లాగా చివర నకారం చేరే మాట, దాని తర్వాత "పంది" కాస్తా "బంది" అవ్వాలి. పాదం చివర ఆగుతాం కదా అని కొందరు వదిలేస్తారు గానీ నేను వదలను. "హాయి నిద్దుర తోడు" అని మార్చు, సరిపోతుంది.

హాంకాంగ్ అక్క: అంతా బాగుంది గానీ వేరుశనగ ఏది తమ్ముడూ? ఆ సూప్‌కి చిక్కదనం కాళ్ళ జిగురుతో పాటు పల్లీల వల్లే వస్తుంది, పద్యంలో అదే లేకపోతే ఎలా? పచ్చి పల్లీలు పొట్టుతోనే రాత్రి నానబెట్టాలి, కాళ్ళని చన్నీళ్ళలో వేసి ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు మురికి నురగతో సహా పారబోసి, కడిగి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి సన్న సెగ మీద పెట్టాలి. ఉప్పు చివర్లోనే. నా పూరణ:

వేరుశనగ తోడ వేసి రల్లపు ముక్క
రెండు గంట లుడికె రేగుపండ్లు
చిక్కనైన రసము చిన్నపాపకు విందు
పంది కాలి చలవ పాలు పొంగె

నిర్వాహకుడు: "విందు" కళ, అంటే చివర ఆ నకారం చేరని మాట, కాబట్టి "పంది" నిలిచింది అక్కా, రెం-రే యతి కూడా సహజంగా పడింది. ఒక్క అభ్యంతరం, "రెండు గంటలు" పక్కటెముకలకైతే చాలు, కాళ్ళు మెత్తబడాలంటే ఇంకా పడుతుందేమో?

హాంకాంగ్ అక్క: నిజమే, నేనూ మూడు దాకా ఉంచుతాను, యతి కోసం రెండన్నాను.

తెనాలి తమ్ముడు: అక్కా, వెనిగర్‌లో అల్లం, గుడ్లు, పంది కాళ్ళు వేసేది కూడా ఇదేనా?

హాంకాంగ్ అక్క: కాదు, అది వేరే. తియ్యటి నల్ల వెనిగర్‌లో కాచి, పాప పుట్టిందని వచ్చిన చుట్టాలకి కూడా పెడతారు. ఇక పాల సంగతంటావా, అది వాళ్ళ నమ్మకం, బిడ్డకి మాటిమాటికీ పట్టడమే అసలు మందు, సూప్‌తో తల్లికి కాస్త బలం వస్తుంది. అల్లం పద్యం నువ్వే రాయి, చూస్తాను.