పురుగు మందుకు ‘అలవాటు పడింది’ అనే పిల్లలకు పరిణామం ఎలా చెప్పాలి?

ప్రశ్న: బయోసైన్స్ ఉపాధ్యాయుడు, పరకాల ప్రాంతం

మిత్రులకు నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. అనువంశికత పాఠంలో మెండెల్ బఠానీల దాకా పిల్లలు బాగానే వస్తారు, లామార్క్, డార్విన్ దగ్గరకు వచ్చేసరికి జారిపోతారు. ప్రత్యేక తరగతుల హడావుడిలో ఆ భాగం రావడం వల్ల జిరాఫీ బొమ్మ గీసి, తేడాలు రాయించి ముగించేవాళ్లమే ఎక్కువ. ఇన్నాళ్లూ నేనూ అంతే.

ఈసారి పత్తి చేనుతో మొదలుపెట్టాను. పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యే బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు ఎలా తట్టుకుంటోందని అడిగితే, తరగతి అంతా ఒక్క గొంతుతో “మందుకు అలవాటు పడ్డది సార్” అన్నారు. ఇంట్లో పెద్దలు అనే మాటే అది, కానీ బతికుండగా అలవడిన గుణం పిల్లలకు అందుతుందనే లామార్క్ వాదం అచ్చంగా ఇదే. సరిదిద్దబోతే నా మాటలు గైడు చదివినట్టు వినిపించాయి. అంతలో వెనక బెంచీ నుంచి, “కోతి నుంచి మనిషి వస్తే, మా ఇంటి పెంకులు పీకే కోతులు ఇంకా కోతులుగనే ఎందుకున్నయి?” అన్నాడొకడు. అందరితో పాటు నేనూ నవ్వాను, జవాబు మాత్రం చెప్పలేదు.

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామ భాగాన్ని తొలగించినప్పుడు, 2023 ఏప్రిల్‌లో 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విద్యావంతులు బహిరంగ లేఖలో అభ్యంతరం తెలిపిన సంగతి తెలిసిందే. మన రాష్ట్ర పుస్తకంలో ఆ భాగం ఉంది కాబట్టి, చెప్పాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు. పై రెండు మాటలకు పిల్లలకు అందే జవాబు ఎలా చెప్పాలన్నదే ప్రశ్న.

జవాబు 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

‘అలవాటు’ అన్న మాటను వాదించి తీసేయలేరు, చేతులతో చేయిస్తేనే పోతుంది. నల్లరేగడి మట్టిని గజం మేర పరిచి, దాని మీద యాభై తెల్ల జొన్నలు, యాభై మినుములు చల్లండి. పిల్లలు కాకులై, నిలబడి వంగుతూ ఒక్కో గింజ చొప్పున గబగబా ఏరాలి. వందలో యాభై మిగలగానే ఆపండి. మిగిలిన ప్రతి గింజకు అదే రకం గింజ ఒకటి కలపండి, అది దాని సంతానం. మూడు విడతలయ్యేసరికి మట్టి మీద దాదాపు అన్నీ మినుములే ఉంటాయి. అప్పుడు ఒకటే అడగండి: ఏ జొన్న గింజైనా నల్లబడిందా? అదే గింజలను చెల్క మట్టి మీద చల్లితే ఏమవుతుందో వాళ్లనే ఊహించనివ్వండి.

మూడు దశాబ్దాలు జిరాఫీ బొమ్మ గీసినవాణ్ని. మన పిల్లలు చూడని జంతువుతో ఈ పాఠం మొదలుపెట్టడమే పొరపాటని ఇప్పుడు అనిపిస్తోంది.

జవాబు 2: వ్యవసాయ విస్తరణ ఉద్యోగి, జనగామ

పై సూచన బాగుంది. దానికి మెండెల్‌ను కూడా కలపవచ్చు. బీటీ విషాన్ని తట్టుకునే గుణం గులాబీ రంగు పురుగులో చాలావరకు అంతర్గత లక్షణం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కారకాలూ (జన్యువులు) చేరిన పురుగే బతుకుతుంది, ఒక్కటే ఉన్నది చనిపోతుంది. బీటీ రాకముందు నుంచే అలాంటి పురుగులు ఎక్కడో అరుదుగా ఉండేవి. విషం వాటిని పుట్టించలేదు, మిగతావాటిని చంపి వాటికి చోటిచ్చింది. ఇదివరకు 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చి, చేను చుట్టూ అయిదు వరుసలైనా వేయమన్నది ఇందుకే. ఆ వరుసల్లో బతికిన మామూలు పురుగులు తట్టుకునే పురుగులతో జతకడితే, వాటి పిల్లలకు ఒక్క కారకమే అంది, బీటీ కాయ తిని చనిపోతాయి. మన రైతుల్లో చాలామంది ఆ ప్యాకెట్‌ను వేయలేదు, వేయమని గట్టిగా చెప్పినవాళ్లమూ తక్కువే.

పిల్లలు తప్పక అడిగే మరో సంగతి: అదే బీటీకి పచ్చ పురుగు ఎందుకు ఇంతగా తట్టుకోలేదు? అది కంది మీద, శనగ మీద కూడా బతుకుతుంది కాబట్టి విషం తగలని సంతతి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

జవాబు 3: ఉపాధ్యాయురాలు, భూపాలపల్లి

కోతుల ప్రశ్నకు నేను పాలోళ్ల లెక్క చెబుతాను. “మీ చిన్న తాత మనవడు నీకు ఏమవుతాడు? నువ్వు అతని నుంచి పుట్టావా? లేదు, ఇద్దరికీ ముత్తాత ఒక్కడే. నువ్వు పుట్టావని అతను లేకుండా పోవాలా?” కోతికీ మనకూ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు, ఇప్పటి కోతి మనకు తాత కాదు, దాయాది. చావులకూ పెళ్లిళ్లకూ పాలోళ్ల వరుసలు చూసి పెరిగిన పిల్లలు కాబట్టి వెంటనే పట్టుకుంటారు.

మా దగ్గర మరో సౌకర్యం ఉంది. మా తరగతిలో సింగరేణి కార్మికుల పిల్లలు ఎక్కువ. బొగ్గు పొరల మధ్య రాతిలో నాలుక ఆకారపు ఆకు అచ్చులు దొరుకుతాయి. గ్లోసోప్టెరిస్ అనే ఆ చెట్టు అంతరించి 20 కోట్ల ఏళ్లు దాటింది. ఇదే గోదావరి లోయలో, పై పొరల్లో, కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. కింది పొరలో ఆకు, పై పొరలో ఎముక అని బోర్డు మీద గీస్తే చాలు, కాలం లోతు వాళ్లకు తెలుస్తుంది. గని లోతు ఇంట్లో రోజూ వినే మాటే కదా.

ప్రశ్న అడిగినవారి స్పందన

గింజల ఆట నిన్న ఆడించాను. మూడో విడత చివర వందలో జొన్నలు ఎనిమిదే మిగిలాయి. “జొన్న నల్లగ కాలే సార్, జొన్నలే పోయినయి” అని ఒక అమ్మాయి అన్నది. ఆ వాక్యాన్నే బోర్డు మీద రాయించాను. ఆ తరువాత నాన్ బీటీ ప్యాకెట్ సంగతి చెబితే, తమ ఇంట్లో బాపు విప్పకుండా అటక మీద పడేసిన ప్యాకెట్ ఇంకా ఉందని, ఈ వానకాలం వేస్తే మొలుస్తదా అని అడిగింది. తెమ్మన్నాను, సోమవారం వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టి, ఎన్ని మొలుస్తాయో లెక్కపెడతాం.